గాలి సోకిన బండి: రుమైథియా నుంచి జోర్డాన్ గేటు దాకా

దజీజ్ గోడౌన్లలో పనిచేసే మా ఊరి పిల్లోళ్ళు మొన్న ఫోన్ చేశారు. పాత కారు ఒకటి కొన్నారట, కువైట్ నుంచి రోడ్డు మీదనే సౌదీ దాటి దూరం పోవాలట, ఏమేం చూసుకోవాలి పెద్దాయనా అని అడిగారు. నాకు చదువు అంతంత మాత్రం, బండి మాత్రం బాగా వచ్చు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదులుతారు కాబట్టి, పాత బండితో ఎడారిలోకి దిగాలనుకునే అందరికీ పనికొచ్చేట్టు ఇక్కడ రాస్తున్నాను. నేను పోయింది ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడాది. ఆ దారిలో ఇప్పుడెవరూ పోరు. కానీ బండి ఏ దారిలోనైనా ఒకే తీరుగా ఆగుతుంది.

నేను రుమైథియాలో ఒక ఇంట్లో డ్రైవర్ని. సైన్యం దిగేనాటికి మా కఫీల్, అదే వీసా ఇచ్చిన ఇంటి యజమాని, కుటుంబంతో ఎండాకాలం సెలవులకు దేశం దాటి ఉన్నాడు. ఇంట్లో నేనూ, పనిచేసే నాగమ్మా మిగిలాం. ఆమె రాయచోటి దగ్గర పిల్ల, నన్ను అన్నా అనేది. ఆమె మొగుడు గంగులు సాల్మియాలో ఒక హోటల్లో వంటవాడు. కడుపులో ఆపరేషన్ చేసి కుట్లు వేసి, ఆస్పత్రి నుంచి అప్పుడే పంపించారు. పది అడుగులు వేస్తే కూర్చోవాల్సిందే. బస్సుల కోసం గంటల తరబడి నిలబడే స్థితి అతనికి లేదు. కఫీల్ తమ్ముడు ఒక పూట వచ్చి పాత అమెరికా బండి తాళం నా చేతిలో పెట్టి, "యల్లా, తీసుకుపో. ఇక్కడుంటే ఎట్లాగూ సైనికులు పట్టుకుపోతారు," అన్నాడు.

మనవాళ్ళవే ఇంకో రెండు బండ్లతో కలిసి బయలుదేరాం. ఒప్పందం ముందే చేసుకున్నాం. ఆగిపోయిన బండి కోసం మిగతావి ఆగవు. వాటిలో చంటిపిల్లలున్నారు, నీళ్ళు అంతంత మాత్రం. ఇది క్రూరం అనుకునేవాళ్ళు ఆ ఎండలో ఒక గంట నిలబడి చూడండి. నాగమ్మ తెల్లవారుజామునే పసుపు తడిపి నాలుగు చక్రాలకూ, స్టీరింగుకూ బొట్లు పెట్టింది. ఇల్లు తాళం కొంగున కట్టుకుని, "మామా తిరిగొచ్చి అడిగితే ఎవరిస్తారన్నా?" అని ఏడ్చింది. కఫీల్ భార్యను ఆమె మామా అనేది. జహ్రా మీదుగా, ముత్లా గుట్ట ఎక్కి, సఫ్వాన్ దగ్గర ఇరాక్‌లోకి దిగి, బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు పోవాలి. బస్రాలో పెట్రోలు నీళ్ళ ధరకే పోశారు. పెట్రోలుకు మాకు కొదవ లేదు.

కానీ అంతకు ముందే, బస్రా ఇంకా రాకముందే, బండి ఒకసారి ఆగింది. దగ్గి, ఊగి, ఆగిపోయింది. సెల్ఫ్ తిప్పితే ఇంజన్ తిరుగుతుంది కానీ అంటుకోదు. ప్లగ్గు వైరు పీకి చూశాను, నిప్పు బాగానే కొడుతోంది. కార్బరేటర్లోకి చూస్తూ యాక్సిలేటర్ లాగితే చుక్క పెట్రోలు దిగలేదు. అంటే నిప్పు ఉంది, పెట్రోలు రావడం లేదు. వేడికి పంపులో పెట్రోలు ఆవిరైందని గోనెపట్ట తడిపి పంపు మీద వేశాను. పెట్రోలు మీటరు ఏనాడో చచ్చింది కాబట్టి మూత తీసి పుల్ల ముంచి చూశాను. సగం పైనే ఉంది. మళ్ళీ తిప్పితే అంటుకుంది. వేడే కారణం అనుకున్నాను.

మరుసటి పొద్దున చల్లగా ఉండగానే, బాగ్దాద్ ఇవతల, మళ్ళీ ఆగింది. పంపు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగానే ఉంది. వేడి కాదన్నమాట. ఫిల్టర్ విప్పి నోటితో ఊదుతుంటే గంగులు వెనక సీట్లోంచి, "ఏం బావా, నీ అమెరికా గుర్రం మళ్ళీ పండుకున్నెట్టుండాది," అన్నాడు.

"గమ్మునుండ్రా. నవ్వితే కుట్లు పిగుల్తాయి."

"ఇదే గుర్రమని చెప్పింటే సాల్మియాలోనే ఉండిపోదును. ఆడ ఫ్రిజ్జన్నా ఉండె."

ఫిల్టర్లో చెత్తేమీ లేదు. బిగించి, మూత తీసి పుల్ల ముంచి, తిప్పాను. అంటుకుంది. నాగమ్మ మళ్ళీ దిగి పసుపు తడిపింది. "నేను చెప్తే యాడ వింటావన్నా? దోవలో కాలిపోయిన బండ్లు చూసినావు గదా. ఆడ ఏదో గాలి సోకింది దీనికి."

మొదటి రెండుసార్లూ ముందు పోయిన బండ్లను పెట్రోలు బంకుల దగ్గర అందుకున్నాం. రమాది దాటాక అంతా ఖాళీ రోడ్డు. చెట్టు లేదు, నీడ లేదు. అక్కడ మూడోసారి ఆగింది. మిగతా రెండు బండ్లూ హారన్ కొట్టి వెళ్ళిపోయాయి. గంగులు కిటికీలోంచి రోడ్డు చూశాడు. "బావా, ఇది లేవకపోతే నీ చెల్లెల్ని ఏదన్నా లారీ ఎక్కించి పంపిచ్చు. నేను నడవలేను," అన్నాడు. ఈసారి నవ్వలేదు. నాగమ్మ, "ఎవురెక్కుతారు లారీ? నోరుమూసుకో," అంది.

అప్పుడు నేను ఇంజన్ మీద చెయ్యి వెయ్యకుండా ఆలోచించాను. కువైట్‌లో ఏనాడూ ఇట్లా ఆగని బండి ఇది. రెండుసార్లూ నేను రెండేసి పనులు చేసి, ఏది కుదిరిందో తెలియక మొదటిదానికి పేరు పెట్టాను. ఒకసారి గోనెపట్ట, ఒకసారి ఫిల్టర్. రెండుసార్లూ చేసిన పని మాత్రం ఒకటే, మూత తీయడం. ఈసారి బానెట్ ఎత్తకుండా నేరుగా వెనక్కి పోయి మూత తిప్పాను. సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకుంది.

గంగులు ఆ చప్పుడు విన్నాడు. "పాల డబ్బా మాదిరి ఉందే బావా. చాయ్‌కి డబ్బా పాలు పోసేటప్పుడు ఒగ బొక్క పెడితే దిగవు. రెండో బొక్క పెడితేనే పాలు దిగేది."

మూత పైవైపు ఈసారి నిదానంగా చూశాను. మధ్యలో ట్యాంకు గాలి పీల్చుకునే సన్న రంధ్రం ఉంటుంది. దాని మీద పసుపు, దాని మీద కుంకుమ, మళ్ళీ పసుపు, ఎండకు గోడకు పూసిన సున్నంలాగా గట్టిపడి ఉంది.

"ఇక్కడెందుకు పూసినావు?"

"అది బండి నోరు గదన్నా. గాలి ఆడినుంచే దూరేది. అందుకని పోయినసారి కంటే మందంగా పెట్టినా."

"దూరాల్సిన గాలే అది, తల్లీ. గాలి సోకి కాదు, గాలి ఆడక చస్తాండాది."

గంగులు పొట్ట పట్టుకుని నవ్వాడు, అబ్బా అబ్బా అంటూనే నవ్వాడు. నాగమ్మ నవ్వలేదు. తాళిబొట్టుకు గుచ్చుకున్న పిన్నీసు తీసి నా చేతికిచ్చింది. రంధ్రం పొడిచి, నోటితో ఊది, మూత పెట్టాను. ఒక్క తిప్పుకే అంటుకుంది. రుత్బా దాటి సరిహద్దు గేటు దాకా మళ్ళీ ఆగలేదు. ముందు పోయిన రెండు బండ్లూ అక్కడ వరసలో మా ముందే నిలబడి ఉన్నాయి.

బండిని గేటు దాటనివ్వలేదు. మనుషుల్ని లారీలో ఎక్కించుకుంటున్నారు. నేను బండిని లారీ పక్కదాకా తోలి, గంగుల్ని సీటు మీంచి నేరుగా లారీలోకి ఎత్తించాను. కాలు ఇసుకకు తగలలేదు. తాళం బండికే వదిలేశాను. నాగమ్మ సీసాలో మిగిలిన నీళ్ళు కాసిన్ని అరచేతిలో పోసుకుని పసుపు తడిపి, బండికి ఆఖరి బొట్టు పెట్టింది. ఈసారి బానెట్ మీద.

ఆమె మొండిదని చాలామంది అంటారు. ఆమె కాపాడాలనుకున్నదీ, నేను కాపాడాలనుకున్నదీ ఒక్కటే, వెనక సీట్లో ఉన్న మనిషి. బండి అన్నాక పెట్రోలు ఎంత ముఖ్యమో, పోయిన పెట్రోలు చోటుకు గాలి రావడం అంత ముఖ్యం. కాబట్టి పిల్లోళ్ళకు చెప్పేది ఒకటే. పాత బండి పోతూ పోతూ ఆగి, నిప్పు ఉండి పెట్రోలు రాకపోతే, పంపు విప్పకముందు ట్యాంకు మూత నిదానంగా తిప్పి చెవి పెట్టి వినండి. లోపలికి పీలిస్తే రోగం మూతలో ఉంది. బండిలో ఒక పిన్నీసు పెట్టుకోండి. బొట్టు పెట్టాలనుంటే బానెట్‌కు పెట్టండి.