నెత్తళ్ళ మీద వేలాడిన పెళ్ళి సీడీ

ఆ సీడీ డ్రైవ్‌ను రుషికొండలోని మా ఆఫీసులో బతిమాలి, ఒక్క ఆదివారానికని తెచ్చుకున్నాను. పలచటి నల్ల డబ్బా. నా చిన్న లాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు. ఇంట్లో ప్లేయరేమో ఉప్పుగాలికి ఎప్పుడో కన్నుమూసింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని జాలరిపేట దాకా బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో!

ఆ తొందరంతా మా మామ్మ కోసం. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆవిడకు గుసగుస తప్ప మాట లేదు. అంతకుముందు పేటలో పెళ్ళంటే ఆవిడ పాట ఉండాల్సిందే. ఇప్పుడు ఆ గొంతు మిగిలింది మా అక్క పెళ్ళి సీడీలోనే. ఒక్కసారి వింటానని ఏడాదిగా నా చెయ్యి పట్టుకుని అడుగుతోంది.

తీరా చూస్తే బీరువాలో సీడీ లేదు. అమ్మను అడిగితే చూపు తిప్పేసుకుని, డాబా వైపు చెయ్యి చూపించింది. మా పేటలో డాబాల మీద నెత్తళ్ళు, అంటే చిన్న చేపలు, ఎండబెట్టినప్పుడు, పాడైన సీడీలు తాడుకు కట్టి పైన వేలాడదీస్తారు. అవి ఎండకు తళతళలాడుతుంటే కాకి దిగదు. పనికిరానివనుకుని అమ్మ బీరువాలోవన్నీ కట్టేసింది. నాకు ఒళ్ళు మండింది, కానీ పోట్లాడే తీరిక ఎక్కడిది? ఒక్క పరుగున డాబా ఎక్కి తొమ్మిదింటినీ విప్పుకొచ్చాను. పైన రాసిన పేర్లు ఎండకు పోయాయి. సబ్బునీళ్ళతో కడిగి, పాత నూలుచీర ముక్కతో తుడిచాను. చేపల వాసన మాత్రం వదల్లేదు.

మొదటిది పెట్టాను. డ్రైవ్ టిక్కు టిక్కుమని ఆగిపోయింది. రెండోదీ అంతే. మూడోదాన్ని మళ్ళీ తుడిచి పెట్టినా తిరగలేదు. వెనక నిలబడ్డ అమ్మ మెల్లగా అడిగింది.

"ఆ రెండో తోక ఎందుకు ఒగ్గీసినావే?"

నిజమే, డ్రైవ్ వైరుకు లాప్‌టాప్‌లో గుచ్చే కొసలే రెండున్నాయి. నేను ఒకటే గుచ్చాను. కంప్యూటర్లు చదువుకున్నదాన్ని నేను! రెండోదీ గుచ్చి కరెంటు చాలేసరికి లోపల సీడీ రయ్యిమని తిరిగింది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఒకదాంట్లో సినిమా పాటలు, ఒకదాంట్లో టైపింగ్ పాఠాలు, మూడింటిలో ఏమీ లేదు. ఆరోది పెట్టేసరికి తెర మీద మా అక్క పెళ్ళిపందిరి! మామ్మను రెక్క పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరిపోతోంది, మామ్మ ముఖం సగమే కనిపిస్తోంది. గొంతు మాత్రం ఖంగుమంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మామ్మ కదలకుండా వింది. రెండో చరణం మధ్యలో సీడీ ఆగిపోయింది. ఎన్నిసార్లు తుడిచి పెట్టినా అక్కడే ఆగింది. అమ్మ తల దించుకుంది. మామ్మ చెయ్యి చాచి అమ్మ మోకాలి మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది.

"మిగతాది నువ్ పాడవే," అంది గుసగుసగా.

అమ్మ పాడగా నేనెప్పుడూ వినలేదు. గొంతు సవరించుకుని, ఆగినచోట అందుకుంది. ఒక్క మాట తప్పకుండా పాడుతోంది. డాబా మీద కాకుల గోల మొదలైంది. నెత్తళ్ళు పోతున్నాయని తెలిసీ, పాట అయ్యేదాకా ముగ్గురిలో ఒక్కరమూ లేవలేదు.