చప్పుడు లేని ఫ్రిజ్

మా పెద్దబాపు నర్సప్పకు కుదురుగా కూర్చోవడం రాదు. భవాని పేట్‌లో ఎవర్ని అడిగినా ఈ మాటే చెబుతారు. నలభై ఏళ్లు సాంచాల కార్ఖానాలో జాబర్‌గా, అంటే మొరాయించిన మరమగ్గాలను దారిలో పెట్టే మేస్త్రీగా బతికి, రెండేళ్ల కింద పని మానేశాడు. ఆయన మానేసినా ఆయన చెవులు మానలేదు. అరుగు మీద చాయ్ తాగుతూ ఉన్నట్టుండి "అవతల గల్లీల ఒక సాంచ కుంటుతున్నది" అని గ్లాసు అక్కడే పెట్టి లేచిపోయేవాడు. వెళ్లి చూస్తే అది నిజంగానే కుంటుతూ ఉండేది. చప్పుడు వింటే చాలు, యంత్రం ఒంట్లో ఏ జబ్బుందో చెప్పేస్తాడు. అలాంటి మనిషి చేతికి అసలు చప్పుడే చెయ్యని ఫ్రిజ్ ఒకటి చిక్కింది. ఇక మా అవస్థ అడగకండి.

ఆ ఫ్రిజ్ మంగళ పెద్దమ్మ కోసం. ఆమె ముప్పయ్యేళ్లుగా ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. "కూసొని కూసొని కాళ్లు మొద్దుబారినయ్. ఒక్కసారి ఆళంది నుంచి పండరిపురం దాక నడుస్త" అని ఎన్నాళ్లుగానో అంటోంది. వారీ అనే ఆ విఠోబా యాత్ర దాదాపు ఇరవై రోజుల నడక. పెద్దమ్మకేమో షుగర్, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ సూది తప్పదు. నిరుడు దిండీతో, అంటే భజన చేస్తూ నడిచే భక్తుల గుంపుతో, బయల్దేరింది కూడా. మందు సీసాలను ఐసు డబ్బాలో పెట్టి, ఎప్పటికప్పుడు ఐసు మార్చే పని పెద్దబాపు తీసుకున్నాడు. ఐదో రోజు ఐసు దొరకలేదు. మందు ఎండకు చెడిపోయింది. చెడిన ఇన్సులిన్ చూడ్డానికి మంచిదానిలాగే ఉంటుంది. రెండు రోజులు దాన్నే పొడుచుకుని, మూడో రోజు నడుస్తూ నడుస్తూ కళ్లు తిరిగి పడిపోయింది. కొడుకు మంగేశ్ అన్న వెళ్లి జీపులో తీసుకొచ్చాడు.

"ఇగ వారీ బంద్" అన్నాడు అన్న. పెద్దమ్మ మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది. ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పదు.

ఈ ఏడు దిండీ సామాను మోసే టెంపో మంగేశ్ అన్నదే. అది తెలిసిన దగ్గర్నుంచి పెద్దబాపు కాలు నిలవలేదు. హోట్గి రోడ్‌లో పాత సామాన్లు కొనే భంగార్ వాళ్లు ఏదో కారవాన్ బండి విప్పుతుంటే, అందులోని చిన్న ఫ్రిజ్ పట్టుకొచ్చాడు. ఇంటి కరెంటు మీద నడుస్తుంది, బండి పరుగెత్తుతుంటే దాని బ్యాటరీ మీద నడుస్తుంది, ఎక్కడైనా ఆగినప్పుడు కరెంటు లేకపోతే గ్యాస్ మంట మీద నడుస్తుంది. వెనక వేడి పెడితే లోపల చల్లబడే రకం. మోటారు లేదు కాబట్టి చప్పుడు లేదు.

మంగేశ్ అన్న ఒక షరతు పెట్టాడు. "పొద్దుగాల ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాక చూద్దాం. మూడు తీర్ల మీద నడపాలె. లోపల ఎనిమిది డిగ్రీలు దాటిందో, అమ్మ ఇంట్లనే ఉంటది." పని చేసే మెడికల్ షాపు నుంచి నేను ఒక థర్మామీటర్ తెచ్చాను. లోపలి వేడి ఎక్కువలో ఎక్కువ ఎంతదాకా వెళ్లిందో అది గుర్తుపెట్టుకుంటుంది. ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ముందు రాత్రి నుంచే చల్లబరిచిన ఫ్రిజ్‌ను టెంపోలో పెట్టి, టెంపోను ఇంటి ముందు ఆపి, అరుగు మీది స్విచ్ బోర్డు నుంచి వైరు లాగాం. రెండింటి దాకా ఇంటి కరెంటు, ఆపైన నాలుగింటి దాకా రోడ్డు మీద బ్యాటరీ, చివరికి టెంపో మీది టార్పాలిన్ ఎత్తి గాలి ఆడేలా పెట్టి గ్యాస్. ఫ్రిజ్ ఒరిగి ఉంటే చల్లబడదని నేను చెప్పగానే పెద్దబాపు ముఖం వెలిగిపోయింది. సాంచ కాళ్ల కింద పెట్టినట్టే టెంపో చక్రాల కింద చెక్కముక్కలు పెట్టి మట్టం సరిచేశాడు. ఆ కాసేపే ఆయన హాయిగా ఉన్నాడు.

తర్వాత మొదలైంది. ఫ్రిజ్‌కు చెవి ఆనించి వినడం, టెంపో చుట్టూ తిరగడం, మళ్లీ చెవి ఆనించడం.

"ఋతూ, ఇది నడుస్తలేదు."

"నడుస్తున్నది పెద్దబాపు. దీనికి చప్పుడు ఉండది."

"చప్పుడు లేకుండ ఏదన్న నడుస్తదా బిడ్డా?" అంటూ తలుపు తీయబోతాడు. తీస్తే చల్లదనం పోతుందని నేను చెయ్యి పట్టుకుంటాను. ఇలా గంటకు పదిసార్లు. ఆయన్ని చూస్తూంటే నాకూ కాళ్లలో జెర్రులు పాకినట్టయ్యేది.

మొదటి రోజు సాయంత్రం థర్మామీటర్ పదమూడు చూపించింది. మధ్యాహ్నం వైరు తీయబోతే అరుగు మీది స్విచ్ ఆపి ఉంది. ఎవరు ఆపారు? "నేను ముట్టలేదు" అని పెద్దబాపు విఠోబా మీద ఒట్టేశాడు. రెండో రోజూ అదే కథ. స్విచ్ ఆపి ఉంది, ఈసారి పన్నెండు. భంగార్ వాణ్ని తిట్టాడు, గల్లీ పిల్లల్ని తిట్టాడు, చివరికి నా మీదికి వచ్చాడు. "నీ ఫోన్ చార్జింగ్ కోసం నువ్వే తీసినవ్, ఖరె, నిజం చెప్పు!" నాకు ఒళ్లు మండింది. పెద్దమ్మ ఇచ్చిన చాయ్ కూడా ముట్టకుండా లేచాను. గడప దాటుతుంటే, సంచిలో సర్దిన చీరలను పెద్దమ్మ ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టడం కనిపించింది. ఆ చీరలు చూశాక కోపం పోయి ఏడుపొచ్చింది.

మూడో రోజు ఆఖరి అవకాశం అన్నాడు మంగేశ్ అన్న. పొద్దున పదకొండుకు పెద్దబాపు అరుగు మీద నిలబడి, భంగార్ వాడికి ఎలా బుద్ధి చెబుతాడో నాకు వివరిస్తున్నాడు. పెద్దమ్మ పక్కనే బీడీలు చుడుతోంది. ఉన్నట్టుండి లైట్ పోయింది. పేటలోని సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, నా ఊపిరి నాకే వినిపించింది. పది నిమిషాలకు మళ్లీ వచ్చింది. గల్లీ అంతా టకటకమని మోగింది. పెద్దబాపు మాట్లాడుతూనే ఉన్నాడు.

పెద్దమ్మ చేట కింద పెట్టింది. "ఏమయ్యా, నీ చెయ్యి ఏం జేసిందో సూసినవా?"

"ఏం జేసింది?"

"లైట్ పోంగనే బటన్ ఆర్పింది."

ముగ్గురం బోర్డు వైపు చూశాం. స్విచ్ ఆపి ఉంది.

నాకు అప్పుడు అర్థమైంది; మొన్నా నిన్నా కూడా ఇలాగే లైట్ పోయి వచ్చింది. పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె సగం దారిలో ఉండగా కరెంటు పోతే జాబర్ చేసే మొదటి పని బటన్ ఆపడం. లేకపోతే కరెంటు రాగానే సాంచ ఒక్క ఊపున కదిలి పడుగు తెంపేస్తుంది. నలభై ఏళ్లుగా ఆ చెయ్యి తలను అడగకుండానే ఆ పని చేస్తోంది. సాంచ అయితే మూగగా నిలబడి, నన్ను మళ్లీ నడుపు అని గుర్తుచేస్తుంది. ఈ ఫ్రిజ్ నడిచినా మూగదే, ఆగినా మూగదే.

పెద్దబాపు స్విచ్ వేసి, తన కుడి చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. నా వైపు చూడలేకపోయాడు. అరుగు మీద కూలబడ్డాడు. "నిరుడు ఐసు తప్పు నాదే. ఇప్పుడు గిది. మంగళా, నన్ను నమ్ముకొని పోకు. మల్ల పడిపోతవ్." ఆయన కళ్లనిండా నీళ్లు. అంతసేపు కదలకుండా కూర్చోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

పెద్దమ్మ లోపలికి వెళ్లి నూలు చుట్టిన పాత కండె ఒకటి తెచ్చింది. తెల్ల నూలు పోగు లాగి, బోర్డు పైనున్న మేకు నుంచి కిందున్న మేకు దాకా, స్విచ్ మీదుగా బిగించి ముడేసింది. ఇప్పుడు స్విచ్ ఆపాలంటే పోగు తెంపాల్సిందే.

"నీ చెయ్యి నీ మాట ఇనది గని, పోగు మాట ఇంటది" అంది.

ఒకటిన్నరకు మళ్లీ లైట్ పోయింది. పెద్దబాపు చెయ్యి లేచింది, బోర్డు మీదికి వెళ్లింది, వేళ్లు పోగుకు తగిలాయి. అక్కడే ఆగిపోయాయి. బొటనవేలు ఆ పోగు బిగువు చూసింది. తర్వాత చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది. పెద్దబాపు నుదుటి చెమట తుడుచుకుని, టెంపో చుట్టూ మళ్లీ తిరగడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఆరింటికి మంగేశ్ అన్న థర్మామీటర్ చేతిలోకి తీసుకున్నాడు. ఏడు. రెండోసారి చూశాడు. "అమ్మా, చీరలు మల్ల సర్దుకో" అన్నాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నాకు కనబడలేదు.

ఆ కండె వాళ్లతోనే వెళ్లింది. మజిలీ చేసిన ప్రతి బడిలోనూ, ప్రతి గుడిలోనూ పెద్దబాపు బోర్డుకు పోగు కట్టాడట. జనం ఏదో మొక్కనుకుని దండం పెట్టి పోయేవారట. రోజూ రాత్రి భోజనాలప్పుడు నాకు ఫోన్ చేసేవాడు. గ్యాస్ ఎంతసేపు వెలిగింది, బ్యాటరీ ఎట్లా ఉంది, థర్మామీటర్ ఎంత చూపింది, అన్నీ ఏకరువు పెట్టి, పొద్దున లేవగానే మళ్లీ చేసేవాడు.

పండరిపురానికి ముందు ఆఖరి మజిలీ వాఖరి. అక్కడి నుంచి ఫోన్ వచ్చినప్పుడు వెనక తాళాలూ మృదంగాలూ హోరెత్తుతున్నాయి.

"ఎట్లున్నది పెద్దబాపు?" అని అరిచాను.

"చప్పుడు లేదు బిడ్డా" అన్నాడు. "నడుస్తున్నది."

నేను అడిగింది పెద్దమ్మ గురించే.