బెలూన్‌కు అవతలి చెయ్యి

"కాదు మామా, ఎవ్వరి మాట ఇనకుండ పోలే మా టీచరమ్మ."

నిన్న ఇవ్వాల్సిన జవాబు ఇది. నిన్న పొద్దున ఆమె పోయిందని దవాఖానా నుంచి ఫోనొచ్చింది. మేం వలస వచ్చిన ఈ మరమగ్గాల పేట పాండేసరలో, చాయ్ బండి దగ్గర మా పక్క గది మామ అన్నాడు: "అసలే చెవులు ఇనరాకపాయె. ఆఖరికి ఒక్కల మాట గూడ ఇనకుండనే పాయె, పాపం." చెడ్డగా అనలేదు, కళ్లు తుడుచుకుంటూనే అన్నాడు. అయినా నాకు మండింది. చాయ్ గ్లాసు బండి మీదే పెట్టేసి వచ్చేశాను. అందుకే మామకూ, ఆమెను ఎరగని మీ అందరికీ రాస్తున్నాను.

ఏళ్ల తరబడి మరమగ్గాల హోరులో పనిచేసి ఆమె చెవులు పోయాయి. పని మానేశాక సాయంత్రాలు తన గదిలో మా గల్లీ తెలుగు పిల్లలకు చదువు చెప్పేది. ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం చప్పుడు. డబ్బా మూతికి ప్లాస్టిక్ కవరు బిగించి కట్టి, దాని మీద బియ్యపు గింజలు వేసేది. పక్కనే పళ్లెం కొడితే గింజలు ఎగిరేవి.

"చూసిన్రా? పళ్లెం వణికింది, గాలి వణికింది, కవరు వణికింది. మన చెవిల గూడ గసుంటి పొరనే ఉంటది. వణుకుడే చప్పుడు."

పళ్లెం కొట్టే పని నాది. ఒకచోట కుదురుగా కూర్చోలేక బడి మానేసినవాణ్ని. "కూసోకురా, నిలవడి కొట్టు" అనేది. బళ్లో ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

మా పెదాలు చూసి మాటలు పోల్చుకునేది. కరోనా వచ్చి అందరం మాస్కులు కట్టుకున్నాం.

"ఏందిరా, అందరు ఒక్కపారే మూగోళ్లయిన్రా?" అని నవ్వింది. కళ్లలో మాత్రం నవ్వు లేదు.

మర్నాడు బెలూన్ తెచ్చింది. గడప బయట నిలబడి మేం దాని దగ్గర మాట్లాడాలి. అవతలి వైపు ఆమె రెండు చేతులూ ఆనించేది. మాటలు తెలిసేవి కావు, మాట్లాడేది ఎవరో తెలిసేది.

"గిది మీల చిన్నదాని గొంతు, చీమ పాకినట్టుంటది. గిది నీదిరా, లారీ కదిలినట్టుంటది!"

ఆమెకూ కరోనా సోకి అంబులెన్స్ వచ్చిన రోజు ఎవర్నీ దగ్గరికి పోనివ్వలేదు. తలుపు మూశారు, ఇంజిన్ ఇంకా స్టార్ట్ కాలేదు. వెనక అద్దానికి లోపలి నుంచి ఆమె అరచెయ్యి ఆనించి ఉంది. నేను ఉరికాను. పళ్లెం మీద రోజూ కొట్టే దరువే అద్దం మీద వేళ్లతో కొట్టాను.

"అరే, హట్ జా!" అని డ్రైవర్ అరిచాడు.

తప్పుకోలేదు. నా అరచెయ్యి అద్దానికి ఆనించి ఆగాను. అదే దరువు లోపలి నుంచి తిరిగొచ్చింది, మెల్లగా. చెవికి ఏమీ వినబడలేదు, అరచేతికి తెలిసింది.

ఇనకపోతే మళ్ల ఎట్ల కొడతది మామా?

ఇంకా చాలా ఉంది చెప్పాల్సింది. కానీ పిల్లలు బెలూన్ ఊదుకుని వచ్చి నా గది గడప బయట నిలబడ్డారు. అవతలి వైపు పట్టుకునే చెయ్యి లేదట. నేను పోవాలి.