దండోరా అంటే ఏంది తాతా?

నా చిన్నప్పుడు మా ఊరికి ఏ కబురు రావాలన్నా మా తాత డప్పు మీదుగానే రావాలి. మాచర్లకు ఎగువన, కృష్ణ ఒడ్డున ఉండేది ఆ ఊరు. ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. శిస్తు కట్టమన్నా, పశువులకు టీకాలు వేస్తారన్నా చావిడి నుంచి తలారి వచ్చి చెప్పేవాడు. తాత గడ్డిమంట మీద డప్పు కాచి, ఊరంతా తిరిగి, ప్రతి సందు మొగలోనూ నిలబడి చాటేవాడు.

దండోరా అంటే ఏందని ఒకసారి అడిగాను. ‘‘అందరికీ బాహాటంగా చెప్పటంరా. గుసగుస కాదు. మునసబుకెంత తెలుసో ముష్టోడికీ అంతే తెలియాల’’ అన్నాడు. అది నవాబుల కాలంలో మన దాకా వచ్చిన మాటనీ, అంతకుముందు చాటింపు అనేవాళ్ళనీ ఆయన పెద్దలు చెప్పారట. నాది నాలుగో తరగతితో ఆగిన చదువు. మిగతాదంతా నేను సొంతంగా నేర్చుకున్నదే. పెద్దయ్యాక పాత పుస్తకాల కొట్లో కొన్న నిఘంటువులో వెతికితే, అది ఉత్తరాది మాటేనని ఉంది. అక్కడ మొదట డప్పుకే ఆ పేరట, తర్వాత డప్పు కొట్టి చెప్పే కబురుకూ అదే పేరైందట.

అయితే ఊరికి ఎడంగా, అంటరానివాళ్ళమని వెలిగా ఉంచిన మా పాలెంలో మాత్రం దండోరా వేసేవాళ్ళు కాదు. వేసేవాడే పాలెం మనిషి, ఇక వాళ్ళకు వేరే చెప్పేదేముందని. తాత ఊరు తిరిగొచ్చి వాకిట్లో కూర్చుంటే జనం చుట్టూ చేరేవాళ్ళు, ఆ కబురు అక్కడే చెప్పేవాడు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. మాకూ తోచలేదు.

డ్యాము కడుతున్నారనీ, ఊరు మునుగుతుందనీ తెలుసు. ఎప్పుడో, ఎక్కడికి పోవాలో తెలియదు. ఆ ఏడు మిరపకోతల రోజుల్లో తాతకు విషజ్వరం వచ్చి మంచాన పడ్డాడు. సరిగ్గా అప్పుడే చావిడికి ఉత్తరువు వచ్చింది. కొత్త ఊళ్ళో ఇంటిస్థలం కావాలనుకున్నవాళ్ళు ఫలానా రోజున ఆఫీసరుకు తమ ఇల్లు చూపించుకోవాలని. పక్క ఊరి నుంచి మరొకాయన్ని పిలిపించి దండోరా వేయించారు. ఆయన ఊరంతా బాగానే తిరిగాడు. పాలెం వైపు మాత్రం రాలేదు. వాళ్ళ ఊళ్ళోనూ ఆచారం అదే మరి. ఆఫీసరు వచ్చిన రోజు మావాళ్ళంతా మిరప చేలల్లో ఉన్నారు.

సంగతి తెలిశాక తాత నా భుజం పట్టుకుని, తూలుకుంటూ చావిడికి నడిచాడు.

‘‘అయ్యా, మా పాలెపోళ్ళ ఇళ్ళు ఒక్కటీ చూడలేదంట. మాకెవరూ చెప్పలా.’’

‘‘దండోరా వేయించాంగా’’ అన్నాడు మునసబు.

‘‘పాలెంలో వేయలేదయ్యా.’’

‘‘నువ్వు ఏనాడన్నా వేశావంట్రా? ఊరందరికీ చెప్పేవాడివి, నీకే తెలియదంటే ఎవరు నమ్ముతారు?’’

తలారి కిసుక్కున నవ్వాడు. మళ్ళీ ఒకసారి ఆఫీసరుతో చెప్పి చూడమని తాత చేతులు జోడించాడు. ఆయన వెళ్ళిపోయాడనీ, ఇక తన చేతుల్లో ఏమీ లేదనీ చెప్పి మునసబు మొహం తిప్పుకున్నాడు. ఆ ‘వేయించాంగా’ తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండిపోతుంది. వేయించారు సరే, ఎవరి చెవిన పడిందో చూసుకోవద్దా? చూసుకోనప్పుడు దాన్ని చెప్పటం అని ఎట్లా అంటారు?

కొన్నాళ్ళకు ఊరు ఖాళీ చేయాలని ఆఖరి దండోరా వచ్చింది. అప్పటికి తాత లేచి తిరుగుతున్నాడు. డప్పు తగిలించుకుని నేరుగా పాలెంలోకి వచ్చాడు. ఒక్కో గడప ముందు కొట్టి, కబురు చెప్పి, లోపలి నుంచి ‘‘విన్నాం మావా’’ అనేదాకా కదిలేవాడు కాదు. వెంట వచ్చిన తలారి విసుక్కున్నాడు.

‘‘ఏంది పెద్దాయనా, ఇంటింటికీ ఆగితే తెల్లారిద్ది. కొట్టుకుంటా పో!’’

‘‘కొట్టేది నేనే. విన్నారో లేదో చూసేది ఎవురు, మీ అయ్యా?’’

పాలెం చివర చానా చెవుడున్న ముసలవ్వ ఒంటరిగా ఉండేది. తాత ఆమె చెయ్యి పట్టుకుని ఏటి వైపు చూపించాడు. నీళ్ళు ఎంతెత్తున వస్తాయో సైగ చేసి, మూట కట్టుకోమన్నాడు. ఆమె అర్థమైనట్టు తలూపి, ‘‘యాడికి పోవాల్రా అబ్బాయా?’’ అంది.

ఆయన చాటాల్సిన కబురులో ఆ సంగతి లేదు. ఎప్పుడు పోవాలో ఉంది గానీ, స్థలం రానివాళ్ళు ఎక్కడికి పోవాలో లేదు. తలారి పిలుస్తున్నా తాత ఆమె చెయ్యి వదలకుండా, ఆ వాకిట్లో అట్లాగే నిలబడిపోయాడు.

ఇప్పుడు ఏ కబురైనా ఆటోకు మైకు కట్టి వీధుల్లో చెప్పుకుంటూ పోతున్నారు. అది వెళ్ళిపోయాక నేను కర్ర పట్టుకుని బయల్దేరతాను. విననివాళ్ళ తలుపు తట్టి, అర్థమయ్యేదాకా చెబుతాను. అయితే మమ్మల్నేం చేయమంటావు తాతా అని వాళ్ళు అడుగుతారు. వాళ్ళ గడపలో కాసేపు కూర్చుని వస్తాను.