కంపెనీ గేటు దాకా వెళ్లొచ్చిన పిజ్జా పిండి

మొదటిసారి అట! ఎవరికి మొదటిసారి? మొన్న కూరగాయలకని కిష్టారెడ్డిపేట చౌరస్తా దాకా వెళితే, కొత్తగా తెరిచిన పిజ్జా దుకాణం ముందు మనిషెత్తు బ్యానరు కట్టి ఉంది. 'మీ ఊరికి మొట్టమొదటిసారిగా అసలు సిసలు పిజ్జా' అని దాని మీద రాశారు. ఎర్ర టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒకతె పళ్లెంలో చిన్న చిన్న ముక్కలు పెట్టుకుని, దారిన పోయేవాళ్లను ఆపి రుచి చూపిస్తోంది. నన్ను పైనుంచి కిందిదాకా ఓసారి చూసి, "తీసుకోండి ఆంటీ, మీరు ఎప్పుడూ తిని ఉండరు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. తినడం దాకా ఎందుకు, నువ్వు బడికి పోయే రోజుల్లోనే మైదా పిసకడం దగ్గర్నుంచి మా ఇంట్లో చేశాం అందామని నోటి దాకా వచ్చింది. కానీ ఆ బ్యానరు రాసింది ఆమె కాదు కదా. ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను. అడుగు అట్టముక్కలాగా ఉంది. మా అత్తమ్మ బతికి ఉంటే ఆ దుకాణదారును బయటికి పిలిచి నాలుగు దులిపేసేది. మా ఊళ్లో మొదటి పిజ్జా ఉడికింది మా వంటింట్లో, ఆవిడ సర్వపిండి రొట్టె అద్దే గుండ్రటి సర్వగిన్నెలో. దాని వెనక ఎంత రభస జరిగిందో ఆ బ్యానరు రాసినవాళ్లకేం తెలుసు!

అప్పుడు మా అమ్మాయి ఏడో తరగతి. పటాన్‌చెరు వైపున్న ఇంగ్లీషు మీడియం బడిలో వేశాం. మా ఊరికి ఒక పక్క కంపెనీల పొగగొట్టాలు, ఇంకో పక్క మా ఇంటి వెనక జొన్నచేలు ఉండే చోట అప్పటికే అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో ఉండే పిల్లలు నలుగురు మా అమ్మాయి క్లాసే, అందరిదీ ఒకే బస్సు. పిజ్జా తెచ్చే బండివాళ్లు అపార్ట్‌మెంట్ల గేటు దాకా వచ్చేవాళ్లు గానీ, మా గల్లీలోకి మాత్రం వచ్చేవాళ్లు కాదు. ఫోను చేస్తే మీ ఇల్లు మా మ్యాపులో లేదండీ అనేవాళ్లు. మా మామగారి తాత పుట్టిన ఇల్లు మ్యాపులో లేదట, నిన్నగాక మొన్న లేచిన ప్రహరీగోడ ఉందట! సరే, అదీ పోనీ. ఒకరోజు బస్సులో మా అమ్మాయి ఆ నలుగురినీ ఇంటికి రమ్మని పిలిస్తే, అందులో రెండు జడల పిల్ల ఒకతె ముక్కు మూసుకుని చూపించిందట. "మీ ఊరంతా కంపెనీ వాసన. మీ ఇళ్లలో అన్నం కూడా వాసనొస్తుందట, మా మమ్మీ చెప్పింది" అందట. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఉన్నది ఒకే ఒక గోడ. గాలి ఏమైనా గేటు దగ్గర సంతకం పెట్టి లోపలికి వెళుతుందా? వాళ్లది అపార్ట్‌మెంటు కనుక సువాసన, మాది ఊరు కనుక కంపు! మా అమ్మాయి బ్యాగు మూలకు విసిరి కొట్టి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ చెప్పింది: "ఆదివారం సాయంత్రం వాళ్లను రమ్మన్ననమ్మా. మా ఇంట్ల పిజ్జా మేమే చేస్తమని చెప్పిన. వాళ్లు మనింట్ల తినకుంటే నేను ఇగ ఆ బస్సెక్క."

మాట ఇచ్చేసి వచ్చింది గానీ, పిజ్జా అంటే ఏమిటో మాకు ఫోనులో బొమ్మగా తప్ప తెలియదు. అమ్మాయి వీడియోలు పెట్టి చూపించింది. అందులో ఒక తెల్లాయన మంచం అంత పొయ్యి ముందు నిలబడి, పిండిని గాల్లోకి విసిరి పట్టుకుంటున్నాడు. మా వంటింట్లో అట్లా విసిరితే ఫ్యానుకు చుట్టుకుంటుంది. మా ఆయన బొల్లారంలో వేరే మందుల కంపెనీలో షిఫ్టు పని చేసేవారు. ఆయన పటాన్‌చెరులో బేకరీవాళ్లను బతిమాలి, పిండి పొంగడానికి వేసే ఈస్టు ముద్ద కాగితంలో కట్టించుకుని తెచ్చారు. తెచ్చి ఊరుకున్నారా? ఆదివారం పొద్దున్నే నైట్ షిఫ్టు దిగి వచ్చి, నిద్ర కళ్లతోనే నా పక్కన నిలబడి, "నీళ్లు గోరువెచ్చగుండాలె, జెర జెర పొయ్యి, ఒక్కసారి గుమ్మరిస్తే బ్యాచ్ ఖరాబైతది" అని ఒకటే ఆర్డర్లు. ఇల్లు అనుకున్నారో రియాక్టరు అనుకున్నారో! మీరు పోయి పడుకోండి మహానుభావా అని పంపేసి, పిండి పిసికి, పెద్ద స్టీలు తపేలాలో పెట్టి, తడిగుడ్డ కప్పి వంటింటి మూలన ఉంచాను. అత్తమ్మ అప్పుడు కొట్టంలో బర్రె పాలు పితుకుతోంది. మైదా కలిపి పెట్టానని తర్వాత గుడ్డ ఎత్తి చూపించాను. అందులో ఈస్టు వేశానని చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

ఇక్కడ మా అత్తమ్మ ముక్కు గురించి చెప్పాలి. కంపెనీల పక్కన కాపురం చేసే ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. నీళ్లు, పాలు, బియ్యం, ఆరేసిన బట్టలు, ఏదైనా సరే, వాడే ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటాం. కొత్తగా వచ్చిన చుట్టాలు చూసి నవ్వుతారు. వారం రోజులు ఉంటే వాళ్లకూ అదే అలవాటవుతుంది. ఇందులో మా అత్తమ్మను మించినవాళ్లు ఊళ్లో లేరు. గాలి వచ్చిన రోజు, అంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చిన రోజు, కిటికీలన్నీ మూసి, ఇల్లంతా తిరిగి ఒక్కో మూతా ఎత్తి చూసేది. ఏ మాత్రం తేడా ఉన్నా పారబోయడమే. ఆమె పాడైందంటే పాడైనట్టే, దానికి ఇంట్లో అప్పీలు లేదు. అంతకు ముందు ఏడాది బోర్లలో నీళ్లు పసుపుపచ్చగా వస్తే, ఊరి ఆడవాళ్లంతా సీసాల్లో పట్టుకుని కంపెనీ గేటుకు పోయారు. ముందు నిలబడింది ఈవిడే. ఒక ఆఫీసరు బయటికి వచ్చి, సీసాను వెలుతురులో పెట్టి చూసి, వాసన కూడా చూసి, "ఇట్లా చూస్తే ఎలా తెలుస్తుందమ్మా? ల్యాబుకు పంపాలి. మా వల్లే అనడానికి సాక్ష్యం ఏది?" అన్నాడు. ఆ సీసా ఏ ల్యాబుకు పోయిందో, ఏ మురికి మోరీలో పడిందో ఆ భగవంతుడికే తెలియాలి. అప్పటి నుంచి అత్తమ్మ నోట ఒకటే మాట. "సబూత్ గావాల్నంట సబూత్!" అని పప్పు ఎనుపుతూ కూడా పళ్లు కొరికేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేనూ అమ్మాయీ చీజు కొనడానికి పటాన్‌చెరు వెళ్లాం. తిరిగి వచ్చేసరికి ఊరంతా గాలి వాసన. ఇంట్లో కిటికీలన్నీ మూసి ఉన్నాయి, మా ఆయన గురక పెడుతున్నారు, వంటింటి మూలన తపేలా లేదు. అత్తమ్మా లేదు. ఎదురింటి ఆమె చెప్పింది, "మీ అత్త గంజు సంకల వెట్టుకొని ఆటో ఎక్కింది గదనే, కంపెనీ దిక్కు పోయింది" అని. అంతా అర్థమైపోయింది. గుడ్డ ఎత్తి చూసి ఉంటుంది. పొద్దున తపేలా అడుగున ఉన్న పిండి తపేలా నిండా ఉబ్బి, బుడగలు బుడగలుగా లేచి, పుల్లటి కల్లు వాసన కొట్టి ఉంటుంది. గాలి తాకి మైదా కూడా పాడైందనుకుంది. పారబోయలేదు. ఇన్నాళ్లకు సాక్ష్యం దొరికింది! ఆ ఆటోలో ఏం జరిగిందో ఆటో అతను తర్వాత నవ్వి నవ్వి చెప్పాడు. ఎండకు పిండి ఇంకా పొంగి గుడ్డను పైకి ఎత్తుతుంటే, పక్కన కూర్చున్న బీహారు కార్మికుడు బెదిరిపోయి, "అమ్మా, యే జిందా హై క్యా?" అని, దానికి ప్రాణం ఉందేమో అన్నట్టు అడిగాడట. "సూడు బేటా, నీ కంపెనీ గాలికి పిండి గూడ ఉబ్బింది" అందట ఈవిడ.

మేం పరుగున వెళ్లేసరికి గేటు దగ్గర చిన్న గుంపు. కంపెనీకి ఆదివారం ఏమిటి, సోమవారం ఏమిటి! సెక్యూరిటీ గది అరుగు మీద మా తపేలా, దాని పక్కన నడుము మీద చేతులు పెట్టుకుని మా అత్తమ్మ, ఎదురుగా అదే ఆఫీసరు. "గిదిగో సారూ సబూతు! పొద్దుగాల గింతుండె, మీ గాలి తాకి గంతైంది. గిది తింటే మా పిల్లల కడుపులు గిట్లనే ఉబ్బవా?" అని ఆవిడ అరుస్తోంది. ఆయన వంగి, ఒక్కసారి వాసన చూసి, ఒకటే నవ్వు. "అమ్మా, ఇందులో ఈస్టు వేశారు. వేడికి ఇలాగే పొంగుతుంది. దీనికీ కంపెనీకీ ఏం సంబంధం? ఇంటికెళ్లి బన్నులు చేసుకోండి" అన్నాడు. సెక్యూరిటీవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. అత్తమ్మ నా మొహంలోకి చూసింది. నేను అవునని తల ఊపాను. ఊరిని గడగడలాడించే మనిషి, ఆ అరుగు పక్కన ఇంత చిన్నదైపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పిండి ముక్కు కాడ వెట్టుకోంగనే ఏమేసిన్రో జెప్పిన్రు గద సారూ! మరి పోయినేడు మా బోరు నీళ్లు గిదే ముక్కు కాడ వెట్టుకున్నరు. అందుల ఏం గలిసిందో అప్పుడెందుకు దెల్వలే?" అని అడిగేశాను. ఆయన నవ్వు ఆగింది. "అది వేరే విషయమమ్మా" అని, ఎవరో పిలిచినట్టు లోపలికి వెళ్లిపోయాడు. ఎవరూ పిలవలేదు. నేను అక్కడే ఉన్నాను కదా, నాకు వినబడదా?

తిరుగు ఆటోలో అత్తమ్మ తపేలాను ఒళ్లో పెట్టుకుని గుడ్డ సర్ది కప్పింది. తర్వాత మెల్లగా, "నాకు జెప్పద్దా పిల్లా, గది పొంగేదని?" అంది. "ఇగ రేపు నేను నిజంగ నీళ్లు వట్టుకపోయినా, పిండి ముసల్ది వచ్చిందని నవ్వుతరు." నా ఒక్క పొరపాటుకు ఆమె ముప్పై ఏళ్ల ముక్కు అబద్ధమైపోయింది, వాళ్ల పొగగొట్టం మాత్రం నిజాయితీగా నిలబడింది! ఇంటికి వచ్చాక చూస్తే పిండి చప్పబడి ఉంది. అమ్మాయి గుడ్ల నీళ్లు కుక్కుకుంటోంది. నేను మూల కూర్చుండిపోయాను. లేచింది అత్తమ్మే. దుమ్ము పడిన పై పొర తీసి బర్రెకు పెట్టింది, మిగతాది మళ్లీ పిసికి, కాసేపు కప్పి ఉంచింది. సర్వకు నూనె రాసి, ముద్దను లోపల చేత్తో అద్ది, సర్వపిండికి చేసినట్టే వేలితో చిల్లులు పొడిచి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసింది. "నానమ్మా, పిజ్జాకు బొక్కలుండయ్!" అని మా అమ్మాయి నెత్తి కొట్టుకుంది. "బొక్కలు లేకుంటే నడిమిట్ల పచ్చిగుంటది. నీ ఫోను వచ్చి వండుతదా?" అంది ఆవిడ. ఒక పక్క కాలాక తిరగేసి, పైన మా టమాటాలూ వెల్లుల్లీ ఎండుమిరపకాయా వేసి ఉడికించిన గుజ్జు రాసి, వాము చల్లి, చీజు తురిమి, మూత పెట్టాం. మూత తీసేసరికి చీజు కరిగి చిల్లుల్లోకి దిగి, అంచులు ఎర్రగా కరకరలాడుతున్నాయి. వీడియోలోది కాదు అది. కానీ వాసన మాత్రం, నిజం చెబుతున్నాను, కంపెనీ గాలిని కూడా వెనక్కి నెట్టింది.

నలుగురిని పిలిస్తే ఇద్దరు వచ్చారు. మిగతా ఇద్దరినీ వాళ్ల అమ్మలు పంపలేదట. వచ్చినవాళ్లలో ముక్కు మూసుకున్న రెండు జడల పిల్ల కూడా ఉంది. మొదటి ముక్క అంచు కొరికి ఆగింది. మా అమ్మాయి ఆ పిల్ల నోటి వంకే చూస్తోంది. తర్వాత ఆ పిల్ల ముక్క పూర్తి చేసి, ఇంకోటి పెట్టమని పళ్లెం చాచింది. అమ్మయ్య అనుకున్నాను. సరిగ్గా అప్పుడే, మాయదారి గాలి, కిటికీ సందుల్లోంచి మళ్లీ గుప్పుమంది. మా అమ్మాయి మొహం పాలిపోయింది. రెండు జడల పిల్ల తల కూడా ఎత్తకుండా, నములుతూనే అంది: "మా ఇంట్లో కూడా ఈ టైముకే వస్తది ఆంటీ. మాకు ఇంకా ఎక్కువ వస్తది, ఫోర్త్ ఫ్లోర్ కదా. బయట ఎవరికీ చెప్పొద్దంటది మమ్మీ. చెబితే ఫ్లాటు ఎవరూ కొనరట." వంటింటి గడపలో నిలబడిన అత్తమ్మ ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత వచ్చి, ఆ పిల్ల పళ్లెంలో పెద్ద ముక్క పెట్టి, "అయితే మల్లసారి గేటు కాడికి నువ్వు గూడ రా బిడ్డా. నువ్వు జెప్తే నమ్ముతరు" అంది. ఆ పిల్ల వస్తానని తల ఊపింది. సోమవారం మా అమ్మాయి బస్సెక్కింది.

అత్తమ్మ పోయి కొన్నేళ్లయింది. పోయిన నెల అపార్ట్‌మెంట్ల గేటు ముందు నుంచి వస్తుంటే, ఫ్లాటు చూడడానికి వచ్చిన భార్యాభర్తలకు ఒక అమ్మాయి చుట్టుపక్కల వివరాలు చెబుతోంది. జడలు లేవు, జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది, అయినా ఆ రోజు మా ఇంట్లో పిజ్జా తిన్న రెండు జడల పిల్లేనని గుర్తుపట్టాను. అప్పుడప్పుడే గాలి మొదలవుతోంది. వచ్చినాయన ముక్కు చిట్లించి ఇదేం వాసన అని అడిగాడు. ఆ అమ్మాయి నన్ను చూసింది, చూసి కూడా, "అది ఆ ఊళ్లోంచి అంకుల్, మా దాకా రాదు" అని మా ఇళ్ల వైపు చేయి చూపించింది. గేటు దగ్గరికి వస్తానన్న మాట గుర్తుందా అని అడుగుదామని ఆగాను, అడగకుండానే మా గల్లీ వైపు నడిచాను. ఏళ్లు గడిస్తే పిల్లలు ఎదుగుతారని సంబరపడతాం గానీ, ఆ ఏళ్లు వాళ్లకు ఏం నేర్పుతున్నాయో ఎవరం చూసుకోం.