మిగిలిన మూడు బోల్టులు

ఆ రోజులంటే మరీ పురాతనమైనవేమీ కావు. నా తల మీద జుట్టు ఉన్న రోజులు, అంతే. బండి ఆగితే మనమే బాగు చేసుకోవాలన్న పట్టుదల కూడా ఆ జుట్టుతో పాటే ఉండేది. ఇప్పుడు రెండూ లేవు. నల్లమాడ చుట్టుపక్కల ఊళ్లలో గొర్రెలకు టీకాలు వేసే ఉద్యోగం దొరికిన కొత్తలో నేనొక కొత్త మోటారుసైకిలు కొన్నాను. అంతకుముందు మా ఇంట్లో ఉన్నది నాయన పాత బండి. దాని ప్లగ్గు చెయ్యి చాపితే అందేది. నాయన దాన్ని ఊడదీసి, ఉఫ్‌మని ఊది, పంచెకు తుడిచి బిగిస్తే (ఆ పంచెను చూసి అమ్మ తిట్టడం కూడా మరమ్మతులో భాగమే) బండి బయల్దేరేది. ఆ విద్య నాకూ వచ్చేసిందని నా నమ్మకం.

ఒక ఎండాకాలం చివర, గొర్రెలు ఉన్నట్టుండి పడి చచ్చే చిటుకు రోగం రాకుండా వేసే మందును ఐసుపెట్టెలో పెట్టుకుని ఒక ఊరికి పోతుంటే, ఆ ఊరికి రెండు కిలోమీటర్ల ఇవతల గుంతలో ఎగిరిపడి బండి ఠక్కున ఆగిపోయింది. స్టార్టు బటను ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మీటరులో చిన్న పసుపు గుర్తొకటి వెలుగుతోంది, అలంకారం కాబోలనుకున్నాను. ప్లగ్గు తుడుద్దామని వంగి చూస్తే ప్లగ్గే కనిపించదు! పక్క తొడుగు విప్పాను. దాని వెనక ఇంకో తొడుగు. అది ఊడాలంటే సీటు తీయాలి, సీటు కింద బోల్టులు తీస్తే గానీ ట్యాంకు కదలదు. నీడన్నది లేని ఆ రోడ్డు మీద బండికి పెద్ద స్టాండు వేసి, తువ్వాలు పరిచి, ఒక్కొక్కటే విప్పి పేర్చాను. (ఏది ఎక్కడిదో గుర్తుంటుందిలే అనుకున్నాను. వయసు అలాంటిది!) చివరికి ప్లగ్గు దొరికింది. అద్దంలా తళతళలాడుతోంది. తుడవడానికి ఏమీ లేదు.

అప్పుడొచ్చింది ఆ ఊరి గొర్రెల అవ్వ. అంతకుముందు ఏడు అదే రోగానికి సగం మందను పోగొట్టుకున్న మనిషి. నేను ఎంతకీ రాకపోయేసరికి ఎదురు నడిచి వచ్చింది. తువ్వాలు వైపు చూసింది.

“ఏమప్పా, పొద్దున్నుంచీ గొర్రెల్ని దొడ్లోనే నిలబెట్టుకోనుండాము, నువ్వు ఈడ అంగడి పెట్టుకోని కూచున్నావా?”

“బండి చెడిపోయిండాది అవ్వా.”

“బండి యాడికీ పోదు. మందు చెడిపోతే నా గొర్రెలు పోతాయి. లెయ్యి!”

పెట్టె మూత తీసి చూశాను. ఐసు కరిగి గోలీలంత ముక్కలు మిగిలాయి. పెట్టె నెత్తిన పెట్టుకుని అవ్వ ముందు, ఆయాసపడుతూ నేను వెనక. ఆఖరి గొర్రెకు సూది వేసేసరికి నీళ్లలో ఐసు గోరంత ఉంది. మందు చెడలేదు, ఆ ఏడు అవ్వ మందలో ఒక్కటీ పోలేదు. నా ఉద్యోగంలో గొప్పగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే. అది కూడా అవ్వ కాళ్ల పుణ్యం.

ఎండ తగ్గాక మందను తోలుకుంటూ అవ్వ నాతో బండి దాకా వచ్చింది. చెమటలు కక్కుతూ అన్నీ బిగించాను. మూడు బోల్టులు మిగిలాయి. గుట్టుగా జేబులో వేసుకుని, బండెక్కి బటను నొక్కాను. ఊహూ.

అవ్వ కాసేపు చూసి, “దాని కాలు ఏలాడతాండాది గదప్పా, అట్లయితే యాడ పోతాది?” అంటూ చేతికర్రతో సైడుస్టాండును పైకి తోసింది. మళ్లీ నొక్కగానే బండి స్టార్టయింది! స్టాండు దిగితే ఇంజను ఆగిపోయేలా ఆ బండిని తయారు చేశారట. స్ప్రింగు సాగి, గుంతలో పడ్డప్పుడే అది కిందికి జారింది. ఆ పసుపు గుర్తు పాపం పొద్దున్నుంచీ చెబుతున్నది అదే. అవ్వ గొర్రెపిల్లల తాడుతో స్టాండును పైకి కట్టి నన్ను సాగనంపింది.

ఇంట్లో నాయన బోల్టులు చూసి, “ఇవి యాడివిరా?” అన్నాడు.

“మిగిలినాయి నాయనా.”

“మిగలనీకి ఇదేమన్నా పెండ్లి భోజనమా?”

మర్నాడు బండితో ఇచ్చిన పుస్తకం నాచేత చదివించుకున్నాడు. ప్లగ్గు పేజీలో ‘షోరూముకు తీసుకురండి’ అని మాత్రమే ఉంది. “చేతికందేటట్ల పెట్టింటే వాళ్లదేం పోతాండె?” అన్నాడు నాయన. కోపంగా కాదు, బాగా అలసిపోయినట్టు.

ఆ అలసట ఇప్పుడు నాకూ వచ్చింది. బండి కాస్త మూలిగితే చాలు, షోరూములో అప్పగించి అద్దం ఇవతల కూర్చుంటాను. వాళ్లు చెప్పేదంతా అర్థమైనట్టు తలూపుతాను. మొన్న అట్లా కూర్చున్నప్పుడే, నడినెత్తి ఎండలో ట్యాంకు ఒళ్లో పెట్టుకుని దిక్కులు చూసిన ఆనాటి జుట్టున్న కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఏమీ తెలియదు వాడికి. అయినా విప్పాడు.