మా సెకండ్‌హ్యాండ్ మరిది

అందరి సంగతులూ నా చేత చెప్పించుకుంటారు. పక్కింటావిడ ఎందుకు అలిగిందో కావాలి, మీ తాతకి బట్టతల ఎప్పుడొచ్చిందో కావాలి. మీ చిన్నతాత గురించి ఒక్కరైనా, ఒక్కసారైనా అడిగారా? షెడ్డులో ఆ జీపు మీదెక్కి గెంతడానికి మాత్రం సిగ్గు లేదు. అదెవరిదనుకున్నారు? నోరు మూసుకుని కూర్చోండి. అడగకపోయినా చెప్తాను.

మీ చిన్నతాత, అంటే నా మరిది, బుద్ధెరిగాక కొత్త వస్తువు కొన్న పాపాన పోలేదు. డబ్బు లేక కాదు. జీపులో కొండ మీదికి సరుకులు తోలి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు కూడా. కొత్తవంటే నమ్మకం లేదు, అంతే. "అది ఇంకా ఏ కష్టమూ పడలేదు కదా వదినా, దాన్ని ఎలా నమ్మేది? పాతదైతే ఎక్కడ విరుగుతుందో ముందే తెలిసిపోతుంది" అనేవాడు.

కళ్ళజోడు పాత సామాన్ల కొట్టులో కొన్నాడు. ఎవరి కళ్ళకి చేయించిందో ఏమో, అది పెట్టుకుంటే దూరంగా ఉన్నవి దగ్గరగా కనపడేవి. వీధి చివర పోయే మనిషికి ఇక్కణ్ణించే షేక్‌హ్యాండ్ ఇవ్వబోయేవాడు. చెప్పులు రెండూ రెండు జతల్లోవి. ఒకటి టపటప, ఇంకోటి కిర్రుకిర్రు. నడిచొస్తుంటే ఎవరో ఇద్దరు పోట్లాడుకుంటూ వస్తున్నారనుకునేవాళ్ళం. గోడ గడియారం చెప్పే టైములోంచి కొంత తీసెయ్యాలి, వానాకాలమైతే ఇంకొంచెం తీసెయ్యాలి. పళ్ళు తోముకునే బ్రష్షు సంగతి మాత్రం నేను అడగలేదు. కొన్ని తెలుసుకోకపోతేనే మనశ్శాంతి. ఇంటిల్లిపాదీ సెకండ్‌హ్యాండ్ అని పిలుస్తుంటే, ఆ పేరు కూడా ఎవరో వాడి వదిలేసిందే అయ్యుంటుందని మురిసిపోయేవాడు.

ఆ ఏడు మా అక్క కొండ మీద తన ఇంట్లో జారిపడింది. తుంటి దెబ్బతింది. డాక్టరు పైకి రాడు, ఈవిడ కిందికి దిగలేదు. చూస్తే వానలు దగ్గరపడ్డాయి. ఒకసారి పట్టుకున్నాయంటే కొండదారి కాస్తా వాగైపోతుంది, వానాకాలం అయ్యేదాకా పైవాళ్ళు పైనే, కిందవాళ్ళు కిందే. అన్నాళ్ళు అలా పడుంటే మనిషి మళ్ళీ లేవదని డాక్టరు చెప్పేశాడు. మంచం మీద మోసుకొస్తామని మగాళ్ళు వెళితే అక్క తరిమేసింది. "నలుగురూ కలిసి మోసేది ఒక్కసారే. ఆ సరదా ఇప్పుడే తీర్చేసుకుంటారా?" అందిట.

ఇక మిగిలింది మరిది జీపు. ఆ రాళ్ళదారి ఎక్కగలిగింది అదొక్కటే. సరిగ్గా అప్పుడే దాని వెనక యాక్సిల్ విరిగి కూర్చుంది. యాక్సిల్ అంటే ఇరుసు. వెనక చక్రాలు రెంటినీ కలుపుతూ, మధ్యలో కుండంత ఉబ్బుతో ఉంటుంది. ఇంజను బలమంతా ఆ కుండలోకొచ్చి చక్రాలకి పోతుంది. ముందు చక్రాలకి లాగే ఓపిక ఎప్పుడో పోయింది కాబట్టి జీపుకి అదే దిక్కు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, అన్నం వడ్డిస్తున్నంతసేపూ అవే చెప్పేవాడు.

ఈ ఒక్కసారికీ కొత్తది కొనవయ్యా అని బతిమాలాను. డబ్బు లేదన్నాడు. నిన్నటిదాకా ఉంది కదా అంటే, "ఉంది. ఇవాళ లేదు" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నం పెట్టాను గానీ పలకరించలేదు. తనేమో షెడ్డు తలుపు మూసుకుని లోపల ఇటుకరాయితో ఏదో గరగరా రుద్దుతూ కూర్చున్నాడు. తుప్పు గీకుతున్నాడు కాబోలనుకున్నాను.

పాత ఇనుము కొట్లన్నీ గాలించి చివరికి ఏదో వేరే బండి యాక్సిల్ పట్టుకొచ్చాడు. కొత్త కోడల్ని దింపినట్టు వాకిట్లో మెల్లిగా దింపి, కిరసనాయిలుతో స్నానం చేయించాడు. వెల్డింగు మేస్త్రీని పిలిచాడు. ఆ మేస్త్రీకి పని కంటే ఔననడం బాగా వచ్చు.

మన జీపుకి కుదుపులు ఆపే కమాను పట్టీలు యాక్సిల్‌కి కింద ఉంటాయి. తెచ్చినదానికి ఆ పట్టీలు కూర్చునే పీటలు పైన ఉన్నాయి. వాటిని కోసి మళ్ళీ అతకాలంటే బోలెడు పని. మరిది దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, తల వంచి చూసి, తిరగేస్తే సరి అన్నాడు. మేస్త్రీ ఔనన్నాడు. తిరగేశారు. పీటలు అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు.

మరిది ఎక్కి కూర్చుని మొదటి గేరు వేశాడు. జీపు గుర్రుమని వెనక్కొచ్చి మా స్నానాలగది గోడ పడగొట్టింది. లోపల మీ తాత ఉన్నాడు. ఒంటినిండా సబ్బు, చేతిలో చెంబు. "ఒరేయ్, గేరు తప్పు వేసినట్టున్నావు" అన్నాడు పాపం. సరేనని రెండో గేరు వేశాడు. జీపు ఇంకాస్త లోపలికొచ్చింది. రివర్స్ వేస్తే మాత్రం బుద్ధిగా ముందుకెళ్ళింది.

కుండ తలకిందులైతే చక్రాలు ఎదురు తిరుగుతాయని మేస్త్రీ అప్పుడు చెప్పాడు. ఈ సంగతి నీకు ముందే తెలుసా అని అడిగాను. ఔనన్నాడు.

విప్పి మళ్ళీ బిగించే వ్యవధి ఎక్కడిది? ఆకాశం అప్పటికే నల్లబడింది. మా అక్క ఇక పైనే ఉండిపోతుందని నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మరిది నా వంక చూసి, "కొండెక్కడం కావాలి గానీ, మొహం ఎటుంటే ఏం వదినా? ఎక్కు" అన్నాడు.

రివర్స్ ఒక్క గేరు అంత ఎత్తు లాగలేదుట, అందుకని కొండంతా వెనక్కే ఎక్కాం. మెడ వెనక్కి తిప్పి, ఆ కళ్ళజోడుతోనే. పైనుంచి దిగేవాళ్ళు మా వెనకభాగం చూసి, మేమూ దిగుతున్నామనుకుని, ఆపండి మేమూ వస్తాం అంటూ పరిగెత్తుకొచ్చారు. మేం వాళ్ళ మీదికే వస్తున్నామని తెలిశాక పొదల్లోకి దూకారు.

అక్క జీపు చూసి పెదవి విరిచింది. ఆ ఇనపబల్ల మీద నేను పడుకోను అంది. మరిది వెనక తలుపు తీశాడు. లోపల బల్ల లేదు. మనిషి పట్టేంత పొడుగు సీటు, గ్రీజు మరకలతో, మాసిపోయి ఉంది. తుక్కుకి పోయిన బస్సులోది అన్నాడు. నెమ్మదిగా పడుకోబెట్టాం. అక్క ముక్కు ఎగబీల్చింది.

"అబ్బాయ్, ఇది కొత్త వాసనొస్తోంది."

"పాతదే పెద్దొదినా."

అక్క సీటు కుట్టులో వేలు పెట్టి, కొట్టువాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ కవరు ముక్క ఒకటి బయటికి లాగింది. మరిది చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఇటుకరాయి గరగర ఏమిటో, యాక్సిల్ డబ్బు ఎటు పోయిందో నాకు అప్పుడు తెలిసింది.

"మరి ఆ డబ్బుతో యాక్సిలే కొనొచ్చు కదయ్యా?"

"యాక్సిల్‌కి నొప్పి తెలీదు కదా వదినా. ఈ కొత్త సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది."

రివర్స్ గేరులో మెల్లిగా కిందికి దిగాం. రాళ్ళ మీద జీపు ఎగురుతుంటే నా పళ్ళు కటకటలాడాయి. అక్క మాత్రం గురకపెట్టి నిద్రపోయింది. మేం దిగిన సాయంత్రమే వాన పట్టుకుంది. తరవాత అక్క చేతికర్రతో నడిచింది, ఆ కర్రతోనే అందరినీ అదిలించింది. యాక్సిల్ సరిచేయవా అని మరిదిని అడిగితే, అలవాటైపోయింది, ఎందుకులే అన్నాడు. ఇప్పటికీ అది అలాగే ఉంది. తాళం ముట్టుకున్నారంటే తోలు తీస్తాను. స్నానాలగది గోడ ఈమధ్యనే కట్టించాం.

ఆ సీటు సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పోయేనాటికి మీ చిన్నతాతకి డెబ్బై ఒకటి.